పాత అమెరికా ఎమ్మెల్యే, ఎంపీల కెరీర్ తవ్వి తీయడం ఎలా? మాథ్యూ లయన్ ఫైలు ముందు పెట్టుకుని చూద్దాం

న్యూజెర్సీలో చదువుకుంటున్న మా మేనకోడలు పోయినేడాది ఒక రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, మా క్లాసులో తలా ఒక పాత కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) సభ్యుణ్ని ఇచ్చారు, నాకు ఎవరో మాథ్యూ లయన్ అంట, ఎల్లుండికి రెండు పేజీలు రాయాలి, వికీపీడియా ఒప్పుకోరంట" అంది. నేను ఇలాంటి పాత నాయకుల మీద సరదాకి రాస్తుంటాను కాబట్టి నా దగ్గరికి వచ్చిందన్నమాట. ఆ రెండు రోజుల్లో తనకి చెప్పిందంతా, మధ్యలో నేను చేసిన తప్పుతో సహా, ఇక్కడ పెడుతున్నాను. మీ పిల్లలకో, మీకో ఇలాంటి పని పడితే పేరు మార్చుకుని ఇదే దారిలో వెళ్లొచ్చు.

మొదటి మాట. కథలతో మొదలుపెట్టకండి. లయన్ పేరు సెర్చ్ చేయగానే మొదటి పది ఫలితాల్లోనూ "సభలో తోటి సభ్యుడి మొహాన ఉమ్మేసిన మనిషి" అనే వస్తుంది. (లయన్ అంటే సింహం కాదు, మధ్యలో వై అక్షరం వస్తుంది. ఒట్టి ఇంటిపేరు కొడితే ఫ్రాన్స్‌లో ఊరు వచ్చి కూర్చుంటుంది, అందుకని పూర్తి పేరుతో పాటు ఆయన రాష్ట్రం పేరు వెర్మాంట్ అని కూడా కొట్టండి.) ఆ ఉమ్మిన కథ నిజమే, దాని దగ్గరికి వద్దాం. కానీ దాంతో మొదలుపెడితే మిగతా యాభై ఏళ్ల జీవితం దాని చుట్టూ తిరగడం మొదలవుతుంది.

ముందు బయోగ్రాఫికల్ డైరెక్టరీ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ కాంగ్రెస్ అనే సైట్‌కి వెళ్లండి. అమెరికా కాంగ్రెస్ వాళ్లదే, ఉచితం. 1774 నాటి కాంటినెంటల్ కాంగ్రెస్ నుంచి ఇవాళ్టి దాకా సభ్యులందరికీ తలా ఒక పేరా ఉంటుంది. చదవడానికి పరమ బోరు. క్రియాపదాలు కూడా సరిగ్గా లేని ముక్కలు, ముక్కకీ ముక్కకీ మధ్య సెమీకోలన్. ఫలానా చోట పుట్టాడు, ఫలానా చోటికి వలస, రాష్ట్ర సభలో సభ్యుడు, ఓడిపోయాడు, గెలిచాడు, చనిపోయాడు. మీ పనంతా ఆ సెమీకోలన్ల దగ్గరే. ఒక్కో ముక్కని ఒక్కో కాగితం మీద రాసుకుని, దాని కింద మూడు ప్రశ్నలు వేసుకోండి: ఆ పదవి ఏ సభది, ఆ సభ అప్పుడు ఎక్కడ కూర్చునేది, అక్కడ జరిగింది ఎవరు రాసిపెట్టారు. నేను ఇరవై మంది మీద చేశాను, ఈ మూడు ప్రశ్నలకి దొరకని మనిషి లేడు.

లయన్ కాగితాలు ఇలా వస్తాయి. 1749లో ఐర్లండ్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడే ఓడెక్కి అమెరికా వచ్చాడు. ఓడ చార్జీకి డబ్బు లేక, కొన్నేళ్లు ఒకరి దగ్గర ఊరికే పనిచేసి బాకీ తీర్చే ఒప్పందం మీద వచ్చాడు, అంటే మన పాత పాలేరు పద్ధతికి దగ్గరగా ఉంటుందనుకోండి. కనెక్టికట్‌లో ఆ ఒప్పందం ఒక యజమాని నుంచి ఇంకొకరికి చేతులు మారింది, ధర ఒక ఎద్దుల జత. తర్వాతి రోజుల్లో "నన్ను విడిపించిన ఎద్దుల మీద ఒట్టు" అని ఒట్టేసేవాడని చెబుతారు. ఆయన్ని ఎగతాళి చేసే పెద్దింటివాళ్ల ముందు ఆ ఒట్టు వేసేవాడంటే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

1774 ప్రాంతంలో వెర్మాంట్ వెళ్లాడు. ఇక్కడే మొదటి గొయ్యి ఉంది. డైరెక్టరీలో 1779 నుంచి 1783 దాకా "రాష్ట్ర ప్రతినిధుల సభ సభ్యుడు" అని ఉంటుంది. అప్పుడు వెర్మాంట్ రాష్ట్రమే కాదు! 1777లో తనంతట తాను స్వతంత్రం ప్రకటించుకుని, పక్కన న్యూయార్క్ "ఆ భూమి మాది" అంటుంటే, పద్నాలుగేళ్లు ఒంటరిగా నడిచిన దేశం లాంటిది. 1791 మార్చి 4న పద్నాలుగో రాష్ట్రంగా యూనియన్‌లో చేరింది. అంటే లయన్ ఎమ్మెల్యేగా ఉన్న కాలంలో ఎక్కువ భాగం ఏ దేశంలోనూ లేని రాష్ట్రానికి ఎమ్మెల్యే. మనకి ఇది కొత్తేం కాదు. మద్రాసు అసెంబ్లీలో మొదలుపెట్టి, 1953లో కర్నూలు, 1956లో హైదరాబాద్ వచ్చిన మన పాతతరం నాయకుల్ని గుర్తుచేసుకోండి, వాళ్లున్న చోటే ఉన్నారు, రాష్ట్రమే కదిలింది. వాళ్ల ప్రసంగాలు వెతికేవాడికి మూడు ఊళ్ల రికార్డులు కావాలి. ఇక్కడా అంతే.

వెర్మాంట్ సభకి 1805 దాకా స్థిరమైన రాజధాని కూడా లేదు, ఊరూరూ తిరుగుతూ కూర్చునేది, ఆ తర్వాతే మాంట్‌పీలియర్ ఖాయమైంది. పైగా 1836 దాకా ఒకటే సభ, పైసభ లేదు. గవర్నర్, ఆయన పక్కన పన్నెండు మంది కౌన్సిల్. కాబట్టి "వెర్మాంట్ సెనేటర్‌గా 1785లో..." అని ఎక్కడైనా కనబడితే ఆ పేజీ మూసేయండి, రాసినవాడికి తెలియదు.

రాష్ట్ర సభల రికార్డుల గురించి ఒక్క ముక్క. చాలా రాష్ట్రాలు తమ పాత సభల జర్నల్స్‌ని పందొమ్మిదో శతాబ్దంలో పుస్తకాలుగా అచ్చేశాయి, అవి ఇప్పుడు స్కాన్ అయి నెట్‌లో ఉన్నాయి. వాటిలో ప్రసంగాలు ఆశించకండి. ఎవరు తీర్మానం పెట్టారు, ఏ కమిటీలో వేశారు, ఓటు ఎటు పోయింది, అంతే. అసలు బంగారం కమిటీల్లో ఉంటుంది. ఒక మనిషిని వరసగా నాలుగేళ్లు భూముల కమిటీలోనో, పన్నుల కమిటీలోనో వేస్తున్నారంటే, ఆయన ఎవరి మనిషో, దేనిమీద పట్టున్నవాడో మీకు అర్థమైపోతుంది. లయన్ విషయంలో ఆ పట్టు భూముల మీద. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షం వహించినవాళ్ల ఆస్తులు జప్తు చేసే కోర్టుకి క్లర్కుగా చేశాడు. ఆ రికార్డులు అప్పగించమంటే ఇవ్వనన్నాడని 1785లో ఆయన మీద అభిశంసన కూడా పెట్టారు.

ఆ కాలంలో పెళ్లిళ్లు కూడా రాజకీయ రికార్డే, సిగ్గుపడకుండా చూడండి. లయన్ రెండో భార్య బ్యూలా, వెర్మాంట్ మొదటి గవర్నర్ థామస్ చిట్టెండెన్ కూతురు. కొడుక్కి తాతగారి ఇంటిపేరే పేరుగా పెట్టాడు, చిట్టెండెన్ లయన్ అని. ఆ అబ్బాయి తర్వాత కెంటకీ నుంచి కాంగ్రెస్‌కి వెళ్లాడు. మామగారు గవర్నర్, అల్లుడు ఎమ్మెల్యే, మనవడు ఎంపీ. మనకి వివరించాల్సిన పనే లేదు.

1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరు పెట్టి, అక్కడ ఇనుప కొలిమి, కాగితం మిల్లు నడిపి, 1793లో సొంత పత్రిక కూడా పెట్టాడు. అదే ఊరి తరఫున 1796 దాకా మళ్లీ రాష్ట్ర సభలో ఉన్నాడు. మధ్యలో కాంగ్రెస్‌కి పోటీచేసి ఓడిపోతూనే ఉన్నాడు, రెండో కాంగ్రెస్, మూడో కాంగ్రెస్ (రెండేళ్లకొక కాంగ్రెస్ లెక్కన వరస నంబర్లు), నాలుగోది కోర్టుకెక్కినట్టు సభ ముందు వివాదం చేసి మరీ ఓడాడు. ఓటముల్ని వదిలేయకండి. గెలుపుల కన్నా అవే ఎక్కువ చెప్తాయి.

ఓట్ల లెక్క ఎక్కడ? ఆ రోజుల్లో ఎన్నికల సంఘం లేదు, ఒక చోట పోగేసిన లెక్కలు లేవు. ఫిలిప్ లాంపీ అనే ఆయన కొన్ని దశాబ్దాల పాటు పాత పత్రికలు తిరగేస్తూ ఊరూరి ఓట్లు చేత్తో కాగితాల మీద ఎక్కించుకున్నాడు. ఆ కాగితాలే ఇప్పుడు అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ, టఫ్ట్స్ యూనివర్సిటీ కలిసి పెట్టిన 'ఎ న్యూ నేషన్ వోట్స్' అనే ఉచిత సైట్. 1787 నుంచి 1825 దాకా ఉంటుంది. మీ మనిషి పేరు కొడితే ఏ ఊళ్లో ఎన్ని ఓట్లో వస్తాయి. నా వరకు ఇలాంటి పనికి ఇంతకు మించిన సైట్ లేదు.

ఇక కాంగ్రెస్. తేదీల దగ్గర జాగ్రత్త. అప్పట్లో కాంగ్రెస్ పదవీకాలం మార్చి 4న మొదలై రెండేళ్ల తర్వాత మార్చి 3న ముగిసేది. కానీ సభ మామూలుగా కూర్చునేది డిసెంబరులో. అంటే గెలిచిన మనిషి చాలాసార్లు ఏడాదికి పైగా ఆగి మరీ సీట్లో కూర్చునేవాడు. లయన్ ఐదో కాంగ్రెస్ సభ్యుడు, 1797 మార్చి 4న పదవి, అయితే ఫ్రాన్స్‌తో గొడవ ముదిరి ప్రెసిడెంట్ ఆడమ్స్ మేలోనే ప్రత్యేక సమావేశం పెట్టాడు కాబట్టి ముందే వచ్చాడు. ఊరు కూడా చూసుకోండి: 1789, 90లో న్యూయార్క్, 1790 డిసెంబరు నుంచి 1800 దాకా ఫిలడెల్ఫియా, 1800 నవంబరు నుంచే వాషింగ్టన్. "1798లో వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో లయన్ ఉమ్మాడు" అని రాసిన పేజీలు నేను చూశాను. అది జరిగింది ఫిలడెల్ఫియాలో, కాంగ్రెస్ హాల్ కింది అంతస్తులో. లిబర్టీ బెల్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు పక్కనే ఉన్న ఆ ఎర్ర ఇటుకల భవనంలోకి తొంగి చూడకుండానే వచ్చేస్తుంటారు, ఈసారి వెళ్లండి.

పార్టీ పేరు కూడా చూసి రాయండి. లయన్ రిపబ్లికన్, జెఫర్సన్ వైపు. ఇవాళ్టి రిపబ్లికన్ పార్టీకి దీనికి సంబంధం లేదు, అది 1850లలో పుట్టింది. అవతలి వాళ్లు ఫెడరలిస్టులు.

ఇప్పుడు ఆ కథ. ఒక ప్రసిద్ధమైన కథ దొరికినప్పుడు దాన్ని ఎలా విప్పాలో చూపించడానికే ఇంతసేపు దాచాను.

1798 జనవరి 30. బ్లౌంట్ అనే సెనేటర్ మీద అభిశంసన నడిపే సభ్యుల్ని ఎన్నుకోవడానికి ఓటింగ్ అయింది, లెక్కింపు జరుగుతోంది. స్పీకర్ కుర్చీ దిగాడు, సభ్యులు గుంపులుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. లయన్ గొంతు పెంచి, కనెక్టికట్ సభ్యులు తమ జనం అభిప్రాయానికి వ్యతిరేకంగా నడుస్తున్నారని, తను అక్కడికెళ్లి పత్రిక పెడితే ఆర్నెల్లలో జనాన్ని తిప్పేస్తానన్నట్టు మాట్లాడాడు. కనెక్టికట్ సభ్యుడు రోజర్ గ్రిస్‌వోల్డ్ దగ్గర్లోనే ఉన్నాడు. "వస్తే నీ చెక్క కత్తి పట్టుకునే వస్తావా?" అన్నాడు. లయన్ వెనక్కి తిరిగి మొహాన ఉమ్మేశాడు.

చెక్క కత్తి ఏంటి? ఇక్కడ ఆగి వెనక్కి వెళ్లాలి. ఆగనివాడికి ఈ కథ ఒట్టి వీధి గొడవలా కనిపిస్తుంది. 1776లో లయన్ ఉన్న దళం కాపలా చోటు వదిలేసి వచ్చేసింది, సైనిక కోర్టు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. పిరికితనానికి గుర్తుగా చెక్క కత్తి పట్టించారని శత్రువులు ప్రచారం చేశారు. సిపాయిలే వెళ్లిపోయారు, నేను ఆపబోయాను అన్నది లయన్ వాదన. మరుసటి ఏడాదే ఆయన్ని ఇంకో రెజిమెంట్‌లో జీతాల అధికారిగా తీసుకున్నారు కాబట్టి అందరూ పిరికివాడని అనుకోలేదని అర్థం. కాబట్టి మీ వ్యాసంలో ఇలా విడదీసి రాయండి: ఉద్యోగంలోంచి తీసేయడం రికార్డు, చెక్క కత్తి శత్రువుల మాట, ఆపబోయాను అన్నది ఆయన మాట. మూడింటినీ కలిపి ఒకే వాక్యంలో కుక్కితే తప్పు అక్కడే మొదలవుతుంది.

ఫెడరలిస్టులు ఆయన్ని బహిష్కరించాలని తీర్మానం పెట్టారు. ఫిబ్రవరి 12న ఓటు: 52 అవును, 44 కాదు. బహిష్కరణకి మూడింట రెండొంతులు కావాలి, రాలేదు. మూడు రోజులు ఆగి 15న, సభ ఇంకా పనిలోకి దిగకముందు, లయన్ తన సీట్లో కూర్చుని ఉంటే గ్రిస్‌వోల్డ్ నేరుగా వచ్చి చేతికర్రతో తల మీద, భుజాల మీద బాదడం మొదలుపెట్టాడు. లయన్ ఎలాగో లేచి చలిమంట దగ్గరికి చేరి ఇనుప పటకారు అందుకున్నాడు. ఇద్దరూ నేల మీద దొర్లితే మిగతావాళ్లు కాళ్లు పట్టి లాగారు. ఇద్దరి సభ్యత్వాలూ నిలబడ్డాయి.

ఈ మాటలు, అంకెలు దొరికే చోటు యానల్స్ ఆఫ్ కాంగ్రెస్. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఉచితంగా ఉంది. కానీ ఒక సంగతి తెలిసి వాడండి: అది అప్పుడే కూర్చుని రాసిన రికార్డు కాదు. 1834 నుంచి 1856 మధ్య, అంటే కొన్ని దశాబ్దాల తర్వాత, పాత పత్రికల్లో వచ్చిన రిపోర్టులు పోగేసి అచ్చు వేశారు. మాటకి మాట ఉందనుకుని కొటేషన్లు పెట్టేస్తే ఇబ్బంది. ఓట్ల అంకెలకి హౌస్ జర్నల్ చూడండి, అది అధికారికం. మీ మనిషి సెనేటర్ అయితే ఇంకా కష్టం, 1795 దాకా సెనేట్ తలుపులేసుకుని నడిచింది, చర్చలు దాదాపు దొరకవు. అప్పట్లో సెనేటర్లని రాష్ట్ర సభలే ఎన్నుకునేవి, 1913 దాకా అంతే, అందుకని ఆ ఎన్నిక వివరం రాష్ట్ర సభ జర్నల్లో వెతకాలి.

పాత పత్రికల స్కాన్లలో వెతుకుతుంటే ఇంకో తలనొప్పి ఉంది. 1800 ముందు అచ్చులో చిన్న ఎస్ అక్షరం చాలా చోట్ల ఎఫ్ లాగా కనిపిస్తుంది. కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనే చదువుకుంటుంది. 'సెడిషన్' (రాజద్రోహం) అని వెతికితే సున్నా ఫలితాలు, 'ఫెడిషన్' అని కొడితే పదిహేను. మా మేనకోడలు దీనికి పావుగంట నవ్వింది.

ఇప్పుడు నా తప్పు. లయన్ మీద మొదటిసారి రాసినప్పుడు నేను "రాజద్రోహ చట్టం వచ్చాక లయన్ ప్రెసిడెంట్‌ని తిడుతూ ఉత్తరం రాశాడు, అరెస్టయ్యాడు" అని రాసేశాను. (ప్రభుత్వాన్ని తిడుతూ రాసినా, అచ్చేసినా నేరం అన్న చట్టం అది.) ఒక పాఠకుడు మర్యాదగానే చెవి మెలేశాడు. ఆడమ్స్ ఆ చట్టం మీద సంతకం పెట్టింది 1798 జులై 14న. ఉత్తరం మీద ఉన్న తేదీ జూన్ 20. అచ్చయింది జులై 31న, వెర్మాంట్ పత్రికలో. అంటే రాసినప్పుడు నేరం కాదు, అచ్చయ్యేటప్పటికి నేరం. ఆ వారాల తేడాలోనే కేసు మొత్తం ఉంది, లయన్ కూడా అదే వాదించాడు. అధికార దాహం, పిచ్చి ఆడంబరం, ముఖస్తుతి మీద మోజు అని ఆడమ్స్ ప్రభుత్వాన్ని తిట్టాడందులో, ఇవాళ్టి టీవీ చర్చల పక్కన పెడితే చాలా పద్ధతైన భాష. అప్పట్నుంచి ఏ కాగితానికైనా రాసిన తేదీ, అచ్చయిన తేదీ, చేరిన తేదీ విడివిడిగా రాసుకుంటున్నాను.

అక్టోబరులో రట్లాండ్‌లో విచారణ. సుప్రీంకోర్టు జడ్జి విలియం పాటర్సన్ స్వయంగా కూర్చున్నాడు, అప్పట్లో వాళ్లు ఊళ్లు తిరుగుతూ కేసులు వినేవాళ్లు. నాలుగు నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా. ఎంపీ జీతం సభ జరిగిన రోజుకి 6 డాలర్లు అని తెలిస్తే ఆ జరిమానా బరువు అర్థమవుతుంది. అంకెని ఎప్పుడూ ఒంటరిగా వదలకండి, పక్కన అప్పటి జీతం పెట్టండి. వెర్గెన్స్ ఊరి జైల్లో పెట్టారు. అక్కణ్నుంచి ఆయన ఒక సెనేటర్‌కి రాసిన ఉత్తరంలో ఆ గది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, మూలన మరుగుదొడ్డి అని ఉంది. వెర్మాంట్ చలికి కిటికీకి అద్దం కూడా లేదు.

వెర్మాంట్‌లో గెలవాలంటే సగానికి పైగా ఓట్లు రావాలి, రాకపోతే మళ్లీ పోలింగ్. సెప్టెంబరులో లయన్ ముందున్నా సగం దాటలేదు. డిసెంబరులో రెండోసారి పోలింగ్ పెట్టినప్పుడు ఆయన జైల్లో ఉన్నాడు. జైల్లోంచే గెలిచాడు. 1799 ఫిబ్రవరిలో విడుదలై ఫిలడెల్ఫియా చేరితే మళ్లీ బహిష్కరణ తీర్మానం, 49కి 45. మళ్లీ మూడింట రెండొంతులు లేవు.

1801 సంగతి కాస్త జాగ్రత్తగా రాయండి, ఇక్కడ అందరూ కొంచెం కొంచెం పెంచుతారు. ప్రెసిడెంట్ ఎన్నికలో జెఫర్సన్, బర్ అనే ఇద్దరికీ ఓట్లు సమానంగా వస్తే ప్రతినిధుల సభ తేల్చాల్సి వచ్చింది, రాష్ట్రానికి ఒక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి. 35 సార్లు జెఫర్సన్‌కి 8 దగ్గరే ఆగింది. వెర్మాంట్‌కి ఇద్దరే సభ్యులు, లయన్ ఒకవైపు, ఫెడరలిస్టు లూయిస్ మోరిస్ ఒకవైపు, ఓటు చెల్లదు. ఫిబ్రవరి 17న 36వ సారి మోరిస్ పక్కకి తప్పుకున్నాడు, లయన్ ఒక్కడి ఓటే వెర్మాంట్ ఓటయింది. "లయన్ ఓటే జెఫర్సన్‌ని ప్రెసిడెంట్ చేసింది" అని వీరాభిమానులు అంటారు. కానీ లయన్ ముందునుంచీ అక్కడే వేస్తున్నాడు, మారింది మోరిస్. పైగా అదే రౌండ్‌లో మేరీలాండ్ కూడా ఇటు వచ్చి మొత్తం 10 అయ్యాయి.

ఆ తర్వాతి భాగం తొందరగా చెప్పేస్తాను, చాలామంది అసలు చెప్పరు కాబట్టి కనీసం కాగితం మీద పెట్టుకోండి. 1801లో ఇల్లూ వాకిలీ సర్దుకుని కెంటకీ వెళ్లాడు, కంబర్లండ్ నది ఒడ్డున ఎడ్డీవిల్. 1802లో అక్కడి రాష్ట్ర సభ, 1803 నుంచి 1811 దాకా కెంటకీ తరఫున కాంగ్రెస్. రెండు రాష్ట్రాల నుంచి గెలిచినవాళ్ల విషయంలో డైరెక్టరీలో పదవీకాలాలు రెండు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో ఖాళీ చూసి తప్పనుకోకండి. 1820లో అర్కన్సాలో చెరొకీలనే ఆదివాసీల దగ్గర ప్రభుత్వ వర్తక కేంద్రం అధికారి ఉద్యోగం. డెబ్బై ఏళ్లు దాటాక అక్కణ్నుంచి కూడా కాంగ్రెస్ ప్రతినిధిగా పోటీచేసి, కొద్ది తేడాతో ఓడి, దాని మీదా వివాదం వేశాడు! 1822 ఆగస్టు 1న స్పాడ్రా బ్లఫ్‌లో పోయాడు. 1833లో అస్థికల్ని ఎడ్డీవిల్ తెచ్చి మళ్లీ పూడ్చారు.

చనిపోయిన తేదీతో ఫైలు మూసేయకండి. వారసులు ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు తర్వాత ఏళ్లూ పూళ్లూ నడుస్తాయి. ఒక్క మనిషికో, ఒక్క కుటుంబానికో చేసే చట్టాలు వేరే ఉంటాయి. 1789 నుంచి 1845 దాకా అలాంటివన్నీ అమెరికా చట్టాల సంపుటాల్లో ఆరోదానిలో ఉన్నాయి, అదీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లోనే. 1840 పేజీల్లో లయన్ వారసుల పేరు మీద ఒకటి కనిపిస్తుంది, ఆ 1000 డాలర్ల జరిమానా వడ్డీతో సహా తిరిగి ఇచ్చారు, శిక్ష పడిన నలభై రెండేళ్లకి.

మా మేనకోడలు ఇవన్నీ రెండు పేజీల్లో ఇరికించి, చివర్లో పోస్టర్ మీద పటకారు ఎలా గీయాలి మామయ్యా అని అడిగింది. గీయక్కర్లేదు. ఆ కొట్లాట మీద 1798లోనే వేసిన కార్టూన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బొమ్మల విభాగంలో ఉంది. గ్రిస్‌వోల్డ్ చేతిలో కర్ర, లయన్ చేతిలో పటకారు, వెనక స్పీకర్ కుర్చీలో కూర్చుని చూస్తుంటాడు. కాపీరైట్ లేదు, పెద్ద సైజు ఫైల్ దించుకుని ప్రింట్ తీసుకోండి, పోస్టర్‌కి సరిపోతుంది.